క్రౌను సెట్టింగ్ దగ్గరికి మనవాణ్ణి ఎందుకు రానివ్వరు?



జీవో 3 గురించి, డీఎస్సీ గురించి ఇక్కడ రోజూ మాట్లాడుకుంటున్నాం. మాట్లాడుకోవాలి కూడా. ఇవాళ నేను మాత్రం జీపు వెనక ఇరుసు గురించి రాస్తున్నా. నవ్వేవాళ్ళు నవ్వండి గానీ చివరిదాకా చదవండి. కాస్త పొడుగు పోస్టే.

ఏజెన్సీని ఆనుకుని ఉన్న టౌన్లలో ఏ మెకానిక్ షెడ్డుకైనా వెళ్ళి చూడండి. మన పిల్లలు ఒకరో ఇద్దరో కనపడతారు. పదో తరగతితో ఆపేసినవాళ్ళు, ఇంటర్ తప్పినవాళ్ళు, ఐటీఐ చేసి వచ్చినవాళ్ళు కూడా. జాకీ పెట్టి బండి కిందికి దూరేది వాళ్ళే. చక్రాలు ఊడదీసేది, యాక్సిల్ షాఫ్టులు లాగేది, హౌసింగ్ విప్పి డీజిల్‌తో కడిగేది వాళ్ళే. మూడేళ్ళు, నాలుగేళ్ళు అదే పని. తీరా డిఫరెన్షియల్ మళ్ళీ బిగించే రోజు వచ్చేసరికి, క్రౌను పినియన్ సెట్టింగ్ చేసే ఆ రెండు మూడు గంటలు మేస్త్రీ ఒక్కడే కూర్చుంటాడు. మనవాణ్ణి టీ తెమ్మంటారు, లేకపోతే ఇంకో బండి చక్రం విప్పమంటారు. అడిగితే "అది హస్తవాసి రా, నేర్పితే వచ్చేది కాదు" అంటారు.

నా అభిప్రాయం సూటిగా చెప్తా. అందులో హస్తవాసి ఏమీ లేదు. ఉన్నవి నాలుగు కొలతలు, ఒక రంగు పరీక్ష. పదో తరగతి లెక్కలు వచ్చిన ఎవరైనా నేర్చుకోవచ్చు. ఆ కొలతలు మన చేతికి రానంతకాలం మనవాడు ఎన్నేళ్ళు చేసినా హెల్పరే. ఇంకో సంగతి, ఆ సరిగ్గా సెట్ కాని బండ్లే మళ్ళీ మన ఘాట్ రోడ్డు ఎక్కుతాయి. అందులో కూర్చునేది మన అమ్మలు, మన పిల్లలు.

తెలియనివాళ్ళ కోసం ముందు అసలు ఆ గుండ్రటి డబ్బాలో ఏముందో చెప్తా. ఇంజను నుంచి పొడుగు షాఫ్టు వెనక్కి వస్తుంది. దాని చివర చిన్న పళ్ళ చక్రం, అదే పినియన్. అది పెద్ద పళ్ళ చక్రాన్ని, అంటే క్రౌనుని తిప్పుతుంది. పాత విల్లీస్ జీపు తీసుకోండి, మహీంద్రా వాళ్ళ బండ్ల వ్యాపారం మొదలైందే ఆ జీపులతో. అందులో క్రౌనుకి 43 పళ్ళు, పినియన్‌కి 8. 43ని 8తో భాగిస్తే 5.375. అంటే షాఫ్టు ఐదు చుట్లకు పైగా తిరిగితే చక్రం ఒక్క చుట్టు తిరుగుతుంది. వేగం తగ్గి బలం పెరుగుతుంది, ఎత్తు ఎక్కేది అందుకే. ఇంకో చిత్రం చూడండి. 43కీ 8కీ ఉమ్మడి భాజకం లేదు. కాబట్టి పినియన్‌లోని ప్రతి పన్నూ తిరుగుతూ తిరుగుతూ క్రౌనులోని ప్రతి పన్నునీ కలుస్తుంది, అరుగుదల అన్నిటికీ సమానంగా పడుతుంది. మన హాస్టల్లో గసాభా, కసాగు బట్టీ పట్టినప్పుడు ఇది ఎవరైనా చెప్పారా?

క్రౌనుకి బిగించిన కేసు లోపల నాలుగు చిన్న గేర్లు ఉంటాయి (కొన్ని బండ్లలో ఆరు). వాటి పని మలుపులో. హెయిర్‌పిన్ మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం, లోపలి చక్రం తక్కువ దూరం పోవాలి. ఎంత తేడా? రెండు చక్రాల మధ్య 1.25 మీటర్లు ఉందనుకోండి. సగం చుట్టు తిరిగే మలుపులో ఆ దూరాన్ని 3.14తో గుణించాలి, దాదాపు 4 మీటర్లు వస్తుంది. మలుపు పెద్దదైనా చిన్నదైనా తేడా అంతే. ఒకే ఇరుసుకి రెండు చక్రాలూ గట్టిగా బిగిస్తే ఆ 4 మీటర్లు టైరు రోడ్డు మీద ఈడ్చుకుపోవాలి, లేకపోతే షాఫ్టు మెలితిరగాలి. బురదలో ఒక చక్రం ఊరికే తిరిగిపోతోందని ఆ చిన్న గేర్లను వెల్డింగ్ పెట్టించుకొమ్మని సలహా ఇచ్చేవాళ్ళు ఉన్నారు. పొలంలో తిరిగే బండికి ఏమోగానీ, మారేడుమిల్లి ఘాట్‌లోనో పాడేరు ఘాట్‌లోనో జనాన్ని ఎక్కించుకుని తిరిగే బండికి మాత్రం ఆ పని చేయించకండి.

ఇప్పుడు అసలు సెట్టింగ్. ఇది కొంచెం వివరంగా రాస్తా, ఎందుకంటే దాచిపెట్టేది ఈ భాగాన్నే.

విప్పేముందే గుర్తులు పెట్టుకోవాలి. క్రౌను కేసుని పట్టుకునే రెండు బేరింగ్ క్యాపులు కుడిది కుడికే, ఎడమది ఎడమకే పోవాలి. వాటిని హౌసింగ్‌తో కలిపే తొలిచి ఉంటారు కాబట్టి అవి తారుమారైతే బేరింగ్ సరిగ్గా కూర్చోదు. సెంటర్ పంచ్‌తో ఒక చుక్క, రెండు చుక్కలు పెడితే సరిపోతుంది. షిమ్ములు ఏ వైపువి ఆ వైపే తీగకి గుచ్చి ఉంచాలి.

క్రౌను, పినియన్ ఎప్పుడూ జతే. కంపెనీలో రెండిటినీ కలిపి తిప్పి, పళ్ళు ఒకదానికొకటి ఒరిపిడి పట్టించి, రెండిటి మీదా ఒకే జత నంబరు చెక్కుతారు. పినియన్ పళ్ళు విరిగాయని పినియన్ ఒక్కటే, అదీ పాత సామాన్ల కొట్టు నుంచి తెచ్చి వేస్తే ఎంత గొప్ప మేస్త్రీ కూర్చున్నా అది సెట్ కాదు. ఖర్చు తగ్గిస్తున్నామని చెప్పి మన బండి ఓనర్లకు ఎక్కువగా అంటగట్టేది ఇదే. బిల్లు కట్టేముందు జత నంబరు చూపించమని అడగండి.

క్రౌనుని కేసుకి బిగించేటప్పుడు రెండు ముఖాలూ శుభ్రంగా ఉండాలి. గీతపడి లేచిన చిన్న లోహపు పొరని నూరురాయితో తీసెయ్యాలి. బోల్టులు ఎదురెదురుగా, విడతలుగా, టార్క్ రెంచితో బిగించాలి. తర్వాత డయల్ గేజి ముల్లు క్రౌను వీపు మీద పెట్టి ఒక చుట్టు తిప్పాలి. ముల్లు ఊగితే క్రౌను వంకరగా కూర్చుందని అర్థం. వెంట్రుక మందం కూడా లేని వంకరకే తర్వాత కొలతలన్నీ తప్పుతాయి.

మొదటి కొలత పినియన్ లోతు. పినియన్ తల వెనక, లోపలి బేరింగ్ దగ్గర వేసే షిమ్ము మందమే ఈ లోతుని నిర్ణయిస్తుంది. పినియన్ తల మీద చిన్న అంకె చెక్కి ఉంటుంది, ప్లస్సో మైనస్సో. పాతదాని అంకెకీ కొత్తదాని అంకెకీ ఎంత తేడా ఉందో షిమ్ము అంత మారాలి, ఎటు మారాలో ఆ బండి మాన్యువల్లో ఉంటుంది. ఆ అంకె ఉందనే తెలియకుండా పనిచేసేవాళ్ళు బోలెడుమంది.

రెండోది పినియన్ బేరింగుల బిగువు. ముందొకటి వెనకొకటి రెండు వాలు బేరింగులు ఉంటాయి. వాటిని ఒకదాని మీదికి ఒకటి నొక్కి బిగించాలి, కానీ ఎంత? చేత్తో తిప్పి "ఆ, బాగానే ఉంది" అంటే కొలత కాదు. దీనికి సంతలో చింతపండు తూచే కొక్కెం కాటా చాలు. అదే స్ప్రింగు కాటా. పినియన్ ఫ్లాంజికి దారం చుట్టి, కాటా కొక్కేనికి తగిలించి నిదానంగా లాగాలి. పినియన్ కదిలేటప్పుడు కాదు, సమంగా తిరుగుతున్నప్పుడు ముల్లు చూపే అంకె రాసుకోవాలి. ఫ్లాంజి మధ్య నుంచి దారం వరకు 5 సెంటీమీటర్లు, కాటా 4 కేజీలు చూపిస్తే 20 కేజీ-సెంటీమీటర్లు. కొత్త బేరింగులకు చాలా బండ్లలో ఇది 15 నుంచి 30 లోపు ఉంటుంది. పాత బేరింగులే మళ్ళీ వేస్తే దాదాపు సగం చాలు. మీ బండి మాన్యువల్లో ఉన్న అంకే ఆఖరి మాట అనుకోండి. ఆయిల్ సీలు వెయ్యకముందే ఇది కొలవాలి, సీలు పట్టుకుంటే అంకె ఎక్కువ చూపిస్తుంది. ఇంకోటి, కొన్ని బండ్లలో రెండు బేరింగుల మధ్య నలిగే గొట్టం ఒకటి ఉంటుంది. నట్టు బిగించేకొద్దీ అది నలుగుతుంది. ఎక్కువ నలిగితే నట్టు వెనక్కి తిప్పి సరిచెయ్యడం కుదరదు, కొత్త గొట్టమే వెయ్యాలి. వెనక్కి తిప్పి వదిలేసిన బండ్లు ఎన్నో రోడ్ల మీద తిరుగుతున్నాయి.

సంతలో తూకం మోసాలతో మన తాతలు పడ్డ కష్టం అందరికీ తెలుసు. 1956లో జీసీసీ పెట్టడానికి ఒక పెద్ద కారణం దళారుల దోపిడీయే. కాటా ఎవరి చేతిలో ఉంటే వాడిదే బేరం. షెడ్డులో డయల్ గేజి విషయం కూడా నాకు అచ్చం అలాగే కనపడుతుంది.

మూడోది పళ్ళ మధ్య సందు, షెడ్డు భాషలో బ్యాక్‌లాష్. పినియన్‌ని కదలకుండా పట్టుకుని క్రౌనుని అటూ ఇటూ ఆడిస్తే కొద్దిగా ఆడుతుంది. డయల్ గేజి ముల్లు క్రౌను పంటి అంచుకి నిటారుగా ఆనించి చూస్తే చాలా బండ్లలో 0.13 నుంచి 0.20 మిల్లీమీటర్ల చుట్టుపక్కల ఉండాలి. ఒక్క చోట చూసి వదిలెయ్యకూడదు, చుట్టూ కనీసం నాలుగు చోట్ల చూడాలి. సందు మరీ తక్కువైతే వేడెక్కి ఆయిల్ పొర తెగి పళ్ళు కాలతాయి. మరీ ఎక్కువైతే గేరు వేసి కదిలించిన ప్రతిసారీ 'టక్కు'మని కొడుతుంది. క్రౌనుని పినియన్ దగ్గరికో దూరానికో జరపడానికి ఒక వైపు షిమ్ము తీసి, అదే షిమ్ము రెండో వైపు వెయ్యాలి. మొత్తం మందం మారకూడదు. మారితే నాలుగో కొలత, అంటే క్రౌను పక్క బేరింగుల బిగువు పాడవుతుంది. మర నట్టులు ఉన్న బండ్లలో ఒక వైపు ఎన్ని గాట్లు వదులు చేస్తే రెండో వైపు అన్ని గాట్లే బిగించాలి.

చివరికి రంగు పరీక్ష. నాకు అన్నిటికంటే ఇష్టమైన పని ఇదే. క్రౌను నాలుగైదు పళ్ళకు రెండు వైపులా మార్కింగ్ పేస్టు పల్చగా పూసి, క్రౌనుని ఒక చెక్కతో కాస్త అడ్డం పెట్టి బరువు తగిలేలా పినియన్‌ని తిప్పాలి, ముందుకీ వెనక్కీ. పళ్ళు ఎక్కడ ఒరుసుకున్నాయో అక్కడ మచ్చ పడుతుంది. మచ్చ పంటి మధ్యలో ఉంటే మంచిది. పంటి తల మీదికి పోతే పినియన్ దూరంగా ఉంది, వెనక షిమ్ము పెంచి లోపలికి పంపాలి. పంటి మొదట్లోకి దిగితే పినియన్ ఎక్కువ లోపలికి పోయింది, షిమ్ము తగ్గించాలి. లోపలి సన్న కొసకి పోతే క్రౌనుని దూరం జరపాలి, బయటి లావు కొసకి పోతే దగ్గరికి జరపాలి. షిమ్ము మార్చిన ప్రతిసారీ సందు మళ్ళీ కొలవాలి. ఓపిక కావాలి, మూడుసార్లు, నాలుగుసార్లు విప్పి బిగించాల్సి రావచ్చు. మేస్త్రీ ఒక్కసారే బిగించి "అయిపోయింది" అన్నాడంటే అదృష్టమైనా అయ్యుండాలి, చూడకుండా వదిలేసి అయినా ఉండాలి.

ఇక్కడ ఘాట్‌కి సంబంధించిన మాట ఒకటి ఉంది. పల్లానికీ మెరకకీ పంటికి ఒకే వైపు పని పడదు. ఎక్కేటప్పుడు పినియన్ క్రౌనుని తోస్తుంది, పంటికి ఒక ముఖం మీద బరువు. దిగేటప్పుడు రెండో గేరులో ఇంజను మీదే బండిని ఆపుకుంటూ దిగుతాం కదా, అప్పుడు చక్రాలే పినియన్‌ని తోస్తాయి, బరువు రెండో ముఖం మీద. ఎక్కేటప్పుడు పినియన్ బయటికి తోసుకుంటుంది, దిగేటప్పుడు క్రౌను లోపలికి లాక్కుంటుంది. బేరింగు బిగువు తక్కువైతే పినియన్ ఈ రెండిటి మధ్య ఊగుతూ ఉంటుంది. మైదానంలో తిరిగే బండికి రెండో ముఖం మీద పెద్ద పని ఉండదు, అందుకే ఆ వైపు మచ్చ చూసే అలవాటు చాలామందికి లేదు. మన బండ్లకు మాత్రం రోజూ రెండు ముఖాల మీదా పనే. మన రోడ్డు ఎరిగినవాడే మన బండి సెట్ చెయ్యాలనేది అందుకే.

దిగేటప్పుడు క్రౌను పళ్ళో యాక్సిల్ షాఫ్టో విరిగితే ఇంజను బ్రేకింగ్ మొత్తం పోతుంది, గేరులో ఉన్నా బండి జారిపోతుంది. పాత విల్లీస్ రకం జీపుల్లో ఇంకా ప్రమాదం. వాటి హ్యాండ్ బ్రేకు చక్రాల మీద పనిచెయ్యదు, ట్రాన్స్‌ఫర్ కేసు వెనక షాఫ్టుని పట్టుకుంటుంది. వెనక ఇరుసు విరిగితే ఇంజనూ ఆపదు, హ్యాండ్ బ్రేకూ ఆపదు, మిగిలేది కాలి బ్రేకు ఒక్కటే. ఆ కాలి బ్రేకుకి కూడా ఈ డబ్బాతోనే చిక్కు. హౌసింగ్ మీద గాలి పోవడానికి చిన్న బ్రీదర్ ఉంటుంది. అది మట్టితో మూసుకుపోతే వేడికి లోపల ఒత్తిడి పెరిగి ఆయిల్ సీళ్ళు దాటి బ్రేకు డ్రమ్ములోకి వస్తుంది, లైనింగ్ నానుతుంది. పది పైసల పని చెయ్యకపోతే బ్రేకు పోయినట్టే. వాగు దాటేటప్పుడు ఇంకో రకం. వేడిగా ఉన్న ఇరుసు చల్లని నీళ్ళలో మునిగితే లోపలి గాలి కుంచించుకుని సీళ్ళ సందుల్లోంచి నీళ్ళు లాక్కుంటుంది. ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉంటే నీళ్ళు చేరినట్టే, వెంటనే మార్చాలి. వానాకాలంలో వాగులు దాటే బండికి నెలకోసారైనా ప్లగ్ విప్పి చూడటం డ్రైవర్ తమ్ముళ్ళు అలవాటు చేసుకోవాలి. పోసేది కూడా హైపాయిడ్ గేర్లకు సరిపడే జీఎల్-5 ఆయిలే అయ్యుండాలి, ఇంజను ఆయిల్ మిగిలిందని అది పొయ్యకూడదు.

ఇక గ్రూపులో వచ్చే ప్రశ్న నాకు తెలుసు. "చదువుకున్నోళ్ళం, మళ్ళీ గ్రీజు పూసుకోమంటావా అన్నా?" డిగ్రీ ఆపి షెడ్డుకి పొమ్మని ఎవర్నీ అనడం లేదు. గ్రూప్స్‌కి ప్రిపేర్ అయ్యేవాళ్ళు అవ్వండి. కానీ ఇప్పటికే షెడ్డుల్లో ఉన్న వందల మంది సంగతేంటి? వాళ్ళకి కలెక్టర్ కథలు చెప్తే ఏం లాభం? గ్రీజు పూసుకోవడం ఎలాగూ తప్పలేదు. హెల్పర్ కూలికి పూసుకోవాలా, మేస్త్రీ రేటుకి పూసుకోవాలా అనేదే ఇక్కడ లెక్క. "ఎలక్ట్రిక్ బండ్లు వచ్చేస్తున్నాయి, ఇదంతా ఎందుకు" అనేవాళ్ళకి కూడా ఒక మాట. ఒక మోటారుతో రెండు చక్రాలు తిప్పే ఎలక్ట్రిక్ కారులో కూడా డిఫరెన్షియల్ ఉంటుంది. మలుపు ఉన్నంతకాలం అది పోదు.

మేస్త్రీలందరూ చెడ్డవాళ్ళని రాయడం లేదు. పక్కన కూర్చోబెట్టుకుని అన్నీ నేర్పిన మేస్త్రీలు ఉన్నారు, వాళ్ళకి దండం. వాళ్ళలో చాలామందికి కూడా ఎవరూ కొలత నేర్పలేదు, దెబ్బలు తింటూ చూసి నేర్చుకున్నారు. అందుకే దాన్ని హస్తవాసి అంటారు. నా కోపం ఎక్కువగా ఐటీఐల మీద. మోటార్ వెహికల్ మెకానిక్ ట్రేడు రెండేళ్ళ కోర్సు, డిఫరెన్షియల్ విప్పడం బిగించడం సిలబస్‌లో ఉంది. ఉన్నా, పుస్తకంలో బొమ్మ వేయించి, రికార్డులో సంతకం పెట్టి పంపించేసే చోట్లు ఉన్నాయి. డయల్ గేజి బీరువాలో ఉంటుంది, తాళం ఎవరి దగ్గరుందో తెలియదు. పాసై వచ్చినవాడికి బ్యాక్‌లాష్ అంటే నిర్వచనం వస్తుంది, కొలవడం రాదు. షెడ్డులో మేస్త్రీ "ఐటీఐ అంట!" అని నవ్వితే తల దించుకోవాల్సి వస్తుంది. ఆ సిగ్గు పిల్లాడిది కాదు.

మనం చెయ్యగలిగింది పెద్దదేమీ కాదు. అయస్కాంతం స్టాండుతో మామూలు డయల్ గేజి ధర మన చేతిలో ఉన్న ఫోను ధరలో చాలా చిన్న భాగం. ఒక టార్క్ రెంచి, ఒక స్ప్రింగు కాటా, రెండు ట్యూబులు మార్కింగ్ పేస్టు. పాత సామాన్ల కొట్లో కిలోల లెక్కన అమ్మే హౌసింగ్ ఒకటి, అందులో క్రౌను జత అరిగినా పర్వాలేదు, నేర్చుకోవడానికి అరిగినదే మంచిది, మచ్చ ఎక్కడెక్కడికి పోతుందో బాగా తెలుస్తుంది. మండలానికి ఒక సెట్టు పెట్టుకుని, ఆదివారాలు ఆశ్రమ పాఠశాల వరండాలోనో సంఘం భవనంలోనో నలుగురు కూర్చుంటే రెండు నెలల్లో పని వస్తుంది. చెల్లెళ్ళు కూడా రావచ్చు. బరువు ఎత్తడానికి నలుగురున్నారు, ముల్లు చదవడానికి బలం అక్కర్లేదు.

ఐటీఐలో చదువుతున్న తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఈ పోస్టు కింద మూడు విషయాలు రాయండి. మీ ల్యాబులో విప్పి బిగించడానికి హౌసింగ్ ఉందా, డయల్ గేజి మీ చేతికి ఎప్పుడైనా ఇచ్చారా, రంగు పరీక్ష ఒక్కసారైనా చేశారా. పేరు రాయడం ఇష్టం లేకపోతే కాలేజీ పేరు లేకుండా ఏ ఐటీడీఏ పరిధో రాసినా చాలు. అవన్నీ ఒక చోట చేర్చి ఐటీడీఏ పీవో గారికి ఇచ్చే అర్జీ నేను రాస్తా. షెడ్డుల్లో ఉన్న తమ్ముళ్ళు ఏ బండి సెట్టింగ్‌లో ఎక్కడ ఆగిపోయారో రాయండి. మచ్చ ఫోటో తీసి పెడితే షిమ్ము ఎటు మార్చాలో ఇక్కడే మాట్లాడుకుందాం.